అద్దం మీద అంబాసిడర్

ఇది ఉక్కుకీ ఉప్పుకీ మధ్య ముప్పై ఏళ్ళు సాగిన మహాయుద్ధం కథ. ఇందులో వంశగౌరవం ఉంది, నమ్మకద్రోహం ఉంది, సముద్రతీరాన నలుగురూ చూస్తుండగా ఒక వీరుడు కూలబడటం ఉంది. ఇలా మొదలుపెడితే గంభీరంగా ఉంటుందని మొదలుపెట్టాను గానీ, నిజానికి ఇది మా మావయ్య పాత కారు కింద అతికిన ఒక నూనె డబ్బా రేకు గొడవ. వీరుడు కూలబడిన మాట మాత్రం నిజం. ఇసుకలో ప్లాస్టిక్ కుర్చీ కాలు దిగబడింది.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. స్టీల్‌ప్లాంటులో జీవితమంతా పనిచేసి రిటైరయ్యాడు. గాజువాకలో ఇల్లు, ఇంటికి పోర్టికో, పోర్టికోలో మీగడ రంగు అంబాసిడర్. దేశానికి ఉక్కు పంపిన మనిషి కాబట్టి ఆ ఇంట్లో తుప్పు అనే మాట బూతు కింద లెక్క. మా ఊరి ఉప్పుగాలికి గేట్లు, గ్రిల్లులు, కొత్త సైకిళ్ళు, ఆఖరికి చొక్కాకి పెట్టుకున్న పిన్నీసు కూడా తుప్పు పడతాయి. మావయ్య కారు మాత్రం పట్టదు. "గోకి సూడు. ఒక్క సుక్క కనబడితే నా పేరు మార్సీ" అని వచ్చినవాడికల్లా సవాలు విసిరేవాడు. పెద్దాయన కారు గోకితే ఏం బాగుంటుందని ఎవరూ గోకలేదు. అలా ఆయన ముప్పై ఏళ్ళు గెలుస్తూ వచ్చాడు.

అత్తయ్యకి ఆ పోర్టికో కావాలి. అక్కడ నాలుగు కుట్టుమిషన్లు వేసి ఆడపిల్లలకి కుట్టుపని నేర్పాలని ఆవిడ కోరిక. కోరిక వయసు పదేళ్ళు, అడ్డం బరువు టన్ను పైచిలుకు.

మూడేళ్ళ కిందట బీచ్ రోడ్డు పక్కన పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. అసలు రూపం చెదరని కారుకి కప్పు ఇస్తారట. మావయ్య పేపర్లో ఆ ముక్క చదవగానే కప్పు పెట్టడానికి షోకేసులో చోటు ఖాళీ చేశాడు. అత్తయ్య అది చూసి, పప్పు తాలింపు మధ్యలో ఆపి వచ్చి, ఒప్పందం ప్రకటించింది.

"కప్పొస్తే కారుంటాది. రాకపోతే కారెల్లిపోతాది, నా మిషన్లొత్తాయి. మల్లీ మాట మార్సకండి."

"రాసుకో" అన్నాడు మావయ్య.

సాక్షిని నేనే. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ నా ఉద్యోగం. అంటే ఎనిమిది గంటలు తప్పులు వెతికి రాసి, మిగిలిన గంటల్లో బొమ్మకార్లు చేస్తాను. కొని అతికించే బొమ్మలు కావు. ప్లాస్టిక్ షీటు కోసి, తీగలు వంచి, పట్టకారుతో ఒక్కో ముక్కా పెట్టి, అసలు కారుని ఇరవై నాలుగో వంతుకి కుదించడం. ఈ పిచ్చిలో ఒక ధర్మం ఉంది: ఉన్నది ఉన్నట్టు దించాలి. కారుకి నొక్కుంటే బొమ్మకీ నొక్కుండాలి. తళతళా మెరిసే కారు ఎవడైనా చేస్తాడు, తుప్పు చేసినవాడే మొనగాడు. అద్దం అబద్ధం చెప్పదంటారు కదా, నేను అద్దం కన్నా ఘోరం.

అప్పటికే మావయ్య కారు కొలతలు తీస్తున్నాను. ఒకరోజు వెనక సీట్లో కూర్చుని టేపు పట్టుకుని కాలు గట్టిగా ఆనించాను. చెప్పు పోర్టికో గచ్చుని తాకింది. తలుపు మూసే ఉంది.

మావయ్య వచ్చి ఆ కంతలోంచి గచ్చుని చాలాసేపు చూశాడు. "ఎవలికీ సెప్పకు అల్లుడూ" అన్నాడు. ఇంటి గుట్టు లంకకు చేటు, కారు గుట్టు కప్పుకు చేటు.

అత్తయ్య భీమిలిలో చెల్లెలింటికి వెళ్ళిన రోజు చూసుకుని కారుని మా ఊరి పాతనగరంలో బాషా భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాం. రేకు పనిలో ఆయన చేతికి తిరుగులేదు. కారుని ఒక పక్కకి ఎత్తి, తుప్పంతా గీకేసి, తగిన రేకు ఏదైనా ఉందా అని అడిగాడు. మావయ్య డిక్కీలోంచి పదిహేను కిలోల వేరుశనగ నూనె డబ్బా తీశాడు. ఎక్కడిదని నేను అడగలేదు. అడగాల్సింది.

భాయ్ డబ్బాని కోసి, పరిచి, అచ్చుబొమ్మ ఉన్న వైపు కిందికి పెట్టి అతికాడు. "పైకి పెడితే కాళ్ళ కాడ పల్లీకాయలు కనబడతాయి సాబ్. కిందికి దూరి ఎవడు సూత్తాడు?" అన్నాడు. నల్ల రంగు వేస్తే రేపటిదాకా ఆరదన్నాడు. అత్తయ్య సాయంత్రం బస్సుకి వచ్చేస్తుంది. రంగు వద్దనుకున్నాం. నేను మాత్రం పనికొస్తాయని ఓ నలభై ఫోటోలు తీసుకున్నాను.

పనికొచ్చాయి.

రెండు నెలలు కూర్చుని బొమ్మ పూర్తి చేశాను. దానికి వైపర్లున్నాయి, డాష్‌బోర్డు మీద అగ్గిపుల్ల తలంత వినాయకుడున్నాడు. ఇక అడుగుభాగం. బొమ్మకార్లు చేసే మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది: బొమ్మకారుని అద్దం మీద నిలబెడతారు, వంగి చూడకుండానే కింది పనితనం కనబడాలని. నేనూ అద్దం పెట్టాను. కింద వెండిరంగు రేకు, దాని మీద పల్లీకాయ, మూడు వరసల అక్షరాలు. భూతద్దం పెట్టుకుని, రెండు వెంట్రుకల కుంచెతో ఏడు సాయంత్రాలు రాశాను. అద్దంలో చదవడానికి వీలుగా తిరగేసి రాశాను. మొత్తం బొమ్మలో సత్యానికి నేను చేసిన మార్పు అదొక్కటే. అది కూడా సత్యం ఇంకా బాగా కనబడాలని.

ప్రదర్శన రోజు పొద్దున్న మావయ్య కారు తుడుస్తూ, "కాయితాలన్నీ ఓపాలి సూసీ. పొల్యూషన్‌ది డేటైపోతే బంకు కాడ సేయించుకొచ్చీ" అన్నాడు. అలాగే మావయ్యా అని, బొమ్మకి నంబరు ప్లేటు అతికించడంలో మునిగిపోయాను. తర్వాత బొమ్మని ఆయన చేతికిచ్చాను. పైనుంచి చూసి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బానెట్టు మీద ఎట్టేద్దాం" అన్నాడు. పాపం, అద్దంలోకి చూసుంటే ఆ నీళ్ళు వేరే కారణానికి తిరిగేవి.

బీచ్ రోడ్డు పక్కన కార్లన్నీ పెళ్ళివారిలా వరసలో నిలబడ్డాయి. న్యాయనిర్ణేత ఓడల్లో ఇంజినీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. చేతిలో చిన్న టార్చి, మెడలో కళ్ళద్దాలు. కారు చుట్టూ తిరిగాడు. తలుపు తట్టి శబ్దం విన్నాడు, సీటు కుట్లు చూశాడు. "నలభై కార్లలో ఇంత శుభ్రంగా ఉంచినవాళ్ళు లేరండీ" అన్నాడు. మావయ్య ఇసుకలో వేసిన ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలాడు. పులిహోర డబ్బా పట్టుకుని నిలబడ్డ అత్తయ్య మొహంలో నాలుగు కుట్టుమిషన్లూ ఆగిపోయాయి.

పెద్దమనిషి వెళ్ళబోయి బొమ్మ దగ్గర ఆగాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. వంగాడు. అద్దంలోకి చూశాడు.

"వేరుశనగ నూనె, పదిహేను కిలోలు" అని చదివాడు. ఇంకా వంగాడు. "ఈ డబ్బాను తిరిగి వాడరాదు."

గాలి కూడా ఆగిందని రాద్దామనుకున్నాను. బీచ్ రోడ్డులో అది ఆగదు.

"ఇది నువ్వే చేశావా బాబూ?"

"అవునండీ."

"సరదాకి ఊహించి పెట్టావా, చూసి చేశావా?"

ఇక్కడ పాఠకులు గమనించాలి. ఆ దేవుడు నా కోసం తలుపు తీసి, తోరణం కట్టి, ఇటు రా నాయనా అని పిలిచాడు. 'ఊహించి' అంటే సరిపోయేది. కానీ నా పనితనాన్ని ఊహ అంటాడా అని నాకు పౌరుషం వచ్చింది.

"ఊహ కాదండీ, ఫోటోలున్నాయి" అని ఫోన్ తీసి నలభై చూపించాను. కొన్ని పెద్దవి చేసి చూపించాను.

ఆయన టార్చి వేసుకుని కారు కింద దూరాడు. బాషా భాయ్ లెక్క తప్పింది. అప్పుడే మావయ్య కుర్చీ కాలు దిగబడింది.

అత్తయ్య ఎవరినీ లేపలేదు. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని తనూ వంగి కారు కిందికి చూసింది.

"నా అప్పడాల డబ్బా" అంది నెమ్మదిగా. "రెండు నెల్లుగా ఎతుకుతన్నాను. పనిమనిసిని కూడా అడిగేసినాను. ఆ పిల్ల కళ్ళనీల్లెట్టుకుంది."

ఇసుకలోంచి మావయ్య నా వైపు చూశాడు. "ఏట్రా అల్లుడూ, అచ్చరాలు కూడా రాయాలేటి?"

సాయంత్రం కప్పు ఎవరిదో నీలం కారుకి వెళ్ళింది. సోమవారం పాత ఇనప సామాన్లవాణ్ణి రమ్మంటానని అత్తయ్య పులిహోర వడ్డిస్తూ చెప్పింది. మావయ్య తినలేదు. కారు స్టీరింగు మీద చెయ్యేసి, ఆస్పత్రిలో చుట్టాన్ని చూడ్డానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. నాకు మొదటిసారి నిజంగా సిగ్గేసింది. బొమ్మని సంచీలో పెట్టేశాను, అద్దంతో సహా.

అంతలో నిర్వాహకుల కుర్రాడొకడు వచ్చి మావయ్య దరఖాస్తు వెనక్కిచ్చి వెళ్ళాడు. దాని మీద ఎర్ర సిరాతో ఒక వాక్యం. మావయ్య ఒకసారి చదివాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు, కారు దిగి నిటారుగా నిలబడ్డాడు. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు ముగిసినందున పొద్దున్నే మా దరఖాస్తు కొట్టేశారట. పాపం ఆ పెద్దమనిషికి ఎవరూ చెప్పలేదు.

"ఇంద సూడు" అన్నాడు మావయ్య. "మనం పోటీలోనే నేము. పోటీలో నేని కారు ఎలాగ ఓడిపోద్ది?"

అత్తయ్య కాయితం చదివింది. "పొల్యూషన్ సేయించమని ఎవలికి సెప్పినారు?" అంది.

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఒక తప్పుతో ముంచిన కారుని అదేరోజు చేసిన ఇంకో తప్పుతో తేల్చినవాడు జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"ఒచ్చే ఏడు పోటీ ఒరకే" అంది అత్తయ్య. "రేపొద్దున్నకి నా డబ్బా లాటి డబ్బా ఇంట్లో ఉండాల. ఆ పిల్లకి మీరిద్దరూ ఎల్లి సెప్పుకోండి."

చెప్పుకున్నాం. ఆ రాత్రే, సముద్రం సాక్షిగా, జిగురు ట్యూబు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఇకపై ఏ కారుకీ అడుగుభాగం చేయను, చేసినా అద్దం పెట్టను, పెట్టినా అక్షరాలు తిరగేయను, మనిషన్నవాడు అడగని ఫోటో చూపించను.

మూడేళ్ళయినా కారు పోర్టికోలోనే ఉంది, ప్రతి పోటీ ముందూ నేను ఒక పని మర్చిపోతున్నాను. పొల్యూషన్ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. పెట్రోలు బంకు పక్కన వ్యానులో చేస్తారు. పది నిమిషాలు పడుతుంది.