మావయ్య తనాకా డబ్బా

మా మావయ్య మొన్న పోయాడు. మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని వాళ్ళ రెండు గదుల ఇంటికి నేను చేరేసరికి, ఒకప్పుడు ఆయన తుపాకీ లాక్కున్న సైన్యం ఆఫీసరే కుర్చీలో కూర్చుని అత్తయ్యను ఓదారుస్తున్నాడు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది.

అది మావయ్యకు వాళ్ళ నాన్న ఇచ్చిన ఒంటిగొట్టం తుపాకీ. సైన్యం గద్దెనెక్కిన కొత్తలో, తుపాకులన్నీ అప్పగించాలంటూ వీడే వచ్చి పట్టుకుపోయాడు. ఆ చలికాలమే అదే తుపాకీ భుజాన వేసుకుని జీపులో దిగాడు. "పెద్ద కొమ్ముల కణుజు దుప్పి కావాలి. అడవి నీకు తెలుసట, చూపించు" అన్నాడు. కాదంటే మావయ్య రైల్వే ఉద్యోగం ఊడుతుంది. నవ్వుతూ తలూపాడు. జీపు వెళ్ళాక మాత్రం నాతో, "నా అయ్య తుపాకీకి ఆడి సేతిలో ఒక్క కణుజు కూడా పడకూడదురా" అన్నాడు.

అప్పటినుంచి ఏటా వానలు తగ్గగానే, ఆఫీసరు వేటకు రాకముందే, నేనూ మావయ్యా పెగూ కొండల సర్కారు అడవికి రైలెక్కేవాళ్ళం. మగ కణుజు కొమ్ములు రాసుకున్న చెట్లు, బురదలో పొర్లిన గుంటలు, నీళ్ళకు దిగే దారి, అన్నీ వెతికేవాడు. చివర్లో జేబులోంచి రేకు డబ్బా తీసి, ఆడవాళ్ళు మొహానికి రాసుకునే తనాకా పొడి చిటికెడు గాల్లోకి వదిలేవాడు. "నన్నేటి సూస్తావు? పొడి ఎటెల్తాదో సూడు. కణుజు కంటితో కాదురా, ముక్కుతో బతుకుతాది."

వేట రోజున ఆఫీసరును సరిగ్గా గాలి వీపున తగిలే దారినే నడిపించేవాడు. వాడి చుట్ట కంపు వాడికన్నా ముందే వెళ్ళి కణుజును లేపేది. పొదల్లో ఒక్క అరుపు, కణుజు మాయం. తాజా గిట్టల గుర్తులు కళ్ళెదుటే ఉండేవి కనక వాడికి మావయ్య మీద అనుమానం రాలేదు. ఆయన మొహం వేలాడేసుకుని క్షమాపణ చెప్పేవాడు. తిరుగు రైలెక్కే ముందు మాత్రం చేపల పులుసులో సేమ్యా వేసిన మొహింగా రెండు గిన్నెలు లాగించేవాడు.

"ఇంక చాలదా మావయ్యా, ఆడు ముసిలోడైపోనాడు" అన్నాను ఒకసారి.

"తుపాకీ ఇచ్చీసినాడేటి?" అన్నాడు.

తండ్రి లేని నాకు ఆయన అన్నం పెట్టాడు, పని ఇప్పించాడు. ఈ పగ ఇచ్చినందుకు అంతకన్నా ఎక్కువ రుణపడి ఉన్నాను.

ఆఫీసరు లేస్తూ నా భుజం తట్టాడు. "మంచివాడు మీ మావయ్య. పాపం, ఇన్నేళ్ళు తిప్పినా నాకు ఒక్క కణుజు దక్కలేదు. ఈ చలికాలం నువ్వు దారి చూపిస్తావా?"

అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. "ఎల్తానని సెప్పు బాబూ" అని, లోపలినుంచి ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

వస్తానన్నాను. వాడు జీపు వైపు నడుస్తుంటే గుమ్మంలో నిలబడి చిటికెడు పొడి వదిలాను. అది వాడి వీపు మీదుగా ముందుకు పోయింది.