ఉప్పుచేపల పెరిన్

ఫ్రాన్సులోని రువాన్ రేవు పక్క మా సందులో పెరిన్ కంటే ముందు ఆమె వాసన వచ్చేది. ఆమె పోయి మూడేళ్ళయినా ఆ గోడలు ఇంకా ఉప్పుచేపల వాసనే వేస్తాయి. అమ్ముకునే చేపల గంప నడుముకు ఆనించి, ఎడమకాలు ఈడుస్తూ నడిచేది. చేతులకంటిన పొలుసులు ఎండలో మెరిసేవి. పొద్దున్నే చర్చిలో మోకరిల్లి, అక్కణ్ణించి తిన్నగా ఎదురింటి జుదిత్ గుమ్మంలో కూర్చునేది. జుదిత్ వాళ్ళు పోప్‌ను కాదన్న కొత్త మతం చాటుగా పాటిస్తారని సందంతటికీ తెలుసు, భటులకే తెలియదు. "మీరంతా నరకానికే పోతారు గానీ, కాసిని నీళ్ళియ్యవే," అని చెవిలో అనేది పెరిన్.

ఒక శుక్రవారం మధ్యాహ్నం భటులు ఇల్లిల్లూ వాసన చూస్తూ వచ్చారు. పోప్ మతంలో శుక్రవారం మాంసం ముట్టకూడదు, చేపలైతే తినొచ్చు; ఆ రోజు మాంసం వండితే కొత్త మతమన్నట్టే, ఇంటిల్లిపాదీ చెరసాలకే. మగ్గం పనిలో పడి వారం మరిచిన జుదిత్ పొయ్యి మీద పందిమాంసం ఉడుకుతోంది. పెరిన్ ఆ కాలితోనే ఆ ఇంట్లోకి పరుగెత్తింది. గంపలోంచి గుప్పెడు చేపలు తీసి నిప్పుల్లో పడేసింది. ఇల్లంతా పొగ కమ్మేసరికి భటుడు గడపలో నిలబడి ముక్కు మూసుకున్నాడు.

"ఏం కంపే ముసలీ ఇది?"

"శుక్రవారం కంపు నాయనా. మీ ఇంట్లో రావట్లేదా?"

వెనకున్న భటులు పగలబడి నవ్వారు. వాడు ముఖం ఎర్రజేసుకుని, కుండ జోలికి పోకుండానే వెళ్ళిపోయాడు. జుదిత్ తలుపు గడియ పెట్టింది. పెరిన్ కుండ వైపు చూసి శిలువ గుర్తు వేసుకుంది.

"మహాపాపం," అంది పొగకు కళ్ళు తుడుచుకుంటూ. "ఆదివారం దాకా నాకో ముక్క ఉంచు."