తాడు పెట్టి కొన్న ట్రాక్టర్

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే బస్సులో, పక్క సీట్లో కూర్చున్న అవ్వ తన మొదటి ట్రాక్టర్‌కు బయానా ఇచ్చి వస్తున్నానని చెప్పింది. అదీ చిన్న ట్రాక్టర్. సొంత సైకిలైనా లేని నేను వెంటనే ఇంజన్ల మీద ఉపన్యాసం మొదలుపెట్టాను.

ఆమె ఓపికగా విని, సంచిలోంచి రెండు ముడులున్న తాడు తీసింది.

"ఈ ముడికాడికెల్లి ఆ ముడిదాంక మా పొలం బాట వెడల్పు, బిడ్డా. షోరూంల ఒక్కోదానికి పట్టి చూసిన. గిదొక్కటే పడ్తది. పెద్దది కొనుమని ఆడ ఒకటే పోరు."

"పెద్దదే కొనకపోయినవా అవ్వా? పక్క పొలమాయన జరంత ఆయన జాగలకెల్లి పోనియ్యడా?"

"ఎందుకు పోనియ్యడు? గానీ దున్నాల్నంటే దినాం ఆయన్నడగాలె. గప్పుడు ట్రాక్టర్ నాదైతదా, ఆయనదైతదా?"

ఆమె దిగేటప్పుడు నోరు మూసుకుని సంచి అందించాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.