రుక్మిణక్క పెంచని బిడ్డ

రాయచూరు స్టేషన్ రోడ్డులో సైకిళ్లకు పంక్చర్లు వేసే చోట సొల్యూషన్ వాసన తగిలితే ఇప్పటికీ నా అడుగు ఆగిపోతుంది. ఆ వాసన నిండిన గుడ్డముక్కలను మత్తు కోసం ముక్కుకు అదుముకుని ప్లాట్‌ఫారం చివర కూర్చునే పిల్లలు, వాళ్ల మధ్య నేలమీద బాసింపట్టు వేసుకుని అన్నం కలుపుతున్న రుక్మిణక్క కళ్లముందుకు వస్తారు.

ఆమెది బజారులో గాజుల దుకాణం. భర్త పోయాడు, పిల్లలు లేరు. మధ్యాహ్నం దుకాణం తమ్ముడికి అప్పగించి స్టేషనుకు వచ్చేది. కాలువ కింద వరి పండించే మా ఊరి నుంచి డిగ్రీ చదువుకు వచ్చిన నేను, వీధి పిల్లల కోసం పనిచేసే సంస్థలో చేరి ఆమె వెంట తిరిగేదాన్ని. మొదటి రోజే నేను ఒక పాప చేతిలోని గుడ్డ లాక్కోబోతే రుక్మిణక్క నా చెయ్యి పట్టుకుంది.

"గుంజుకోకు సునీతా. ఆకలి తెల్వకుండ ఉండనీకి పీలుస్తున్నది. మొదలు అన్నం తిననీ."

ఆ పాప ఎల్లమ్మ. పదేళ్లుంటాయేమో. అరకేర దగ్గరి పల్లె. తల్లి చనిపోయాక బస్సెక్కి వచ్చేసిందట. పోనుపోను రుక్మిణక్క ఒళ్లో తలపెట్టి నిద్రపోయేంత దగ్గరైంది. సంస్థ వాళ్లు ఆచూకీ తీస్తే, పిల్లను ఎవరికి అప్పగించాలో తేల్చే సమావేశానికి మేనమామ వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మేమంతా సంతోషపడ్డాం. రుక్మిణక్క మాత్రం పాపను పక్కకు తీసుకెళ్లి, మామతో పోతావా అని అడిగింది. ఎల్లమ్మ తల వంచుకుని కాలి వేలితో నేలను గోకుతూ ఉండిపోయింది.

"పిల్ల ఊ అనలే సార్. ఇంక కొన్ని దినాలు హాస్టల్ల ఉంచుండ్రి" అంది అక్క.

కాదని కూడా అనలేదు కదమ్మా అన్నాడు పిల్లల సంక్షేమ అధికారి. సొంత మేనమామ ఉండగా ఇంకా ఆలోచన దేనికన్నారు అందరూ. పంపించేశారు.

వానలు మొదలయ్యాక ఎల్లమ్మ మళ్లీ ప్లాట్‌ఫారం మీద కనిపించింది. మామ పత్తిచేలలో పురుగుమందు కొట్టే పనికి పెట్టాడట. చేతులనిండా పుండ్లు, ఊపిరి అందడం లేదు. ఆసుపత్రిలో రుక్మిణక్క ఆ మంచం వదల్లేదు. కొద్ది రోజులకే పాప పోయింది. కబురంపినా మామ రాలేదు. నువ్వు ఆ పిల్లకు ఏమవుతావని ఆసుపత్రిలో అడిగితే, నా బిడ్డనే అని చెప్పి శవాన్ని తీసుకుంది. దుకాణంలో అన్నిటికంటే చిన్న గాజులు తెచ్చి తొడిగింది. అవి కూడా ఆ సన్నటి చేతుల మీద నిలవలేదు.

మట్టి చేసి వస్తుండగా ఒక్క మాటే అంది. "సప్పుడు చెయ్యని పిల్ల వద్దనే చెప్తది, సునీతా. మనకే ఇనబడదు."

రుక్మిణక్క పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు అలాంటి సమావేశాలలో నేను కూర్చుంటున్నాను. బంధువులు వచ్చి ఏడుస్తారు, పక్కన కూర్చున్న సభ్యులు త్వరగా తేల్చమంటారు. పిల్ల నోరు విప్పేదాకా నేను ఒప్పుకోను. నా మొండితనం వల్ల కొందరు పిల్లలు మంచి ఇళ్లకే ఆలస్యంగా చేరి ఉంటారు. చేరనీ.