కాగితం పొట్లంలో కొర్రమీను

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొన్నాళ్ళపాటు చేపల కూర వండలేదు. అది ఆగిపోయింది నా వల్ల. అలాగని నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

అప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక ఒక సందులో అద్దెకుండేవాళ్ళం. నాన్నకి లక్డీకాపూల్‌లో గవర్నమెంటు ఉద్యోగం. గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి చేపల పులుసు లేని ఆదివారం నాన్నకి ఆదివారంలా ఉండేది కాదు. పొద్దున్నే సంచీ పట్టుకుని బేగంబజారు వెళ్ళి, మంచి చేప ఏది దొరికితే అది తెచ్చేవాడు. తమ్ముడికి అన్నం తినిపించే పని నాది. వాడికి నాలుగేళ్ళు, నాకు పదేళ్ళు. చేపముక్కలో ముళ్ళు తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, అన్నంలో కలిపి పెట్టేదాన్ని. వాడు నా చేతి ముద్దే కావాలనేవాడు. అమ్మ పెడతానన్నా మొహం తిప్పుకునేవాడు. ఆ సంగతి అమ్మ ఇరుగుపొరుగుకి చెబుతుంటే వినడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అలాగే పెడుతున్నాను. ఆటల ధ్యాసలో లేను, తొందరపడలేదు. ఎన్నిసార్లు తలచుకున్నా ఆ రోజు నేను కొత్తగా చేసిన పొరపాటేదో నాకు కనిపించదు. వాడు ఉన్నట్టుండి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తరువాత రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. అమ్మ ఉత్త అన్నం ముద్ద మింగించింది, అరటిపండు తినిపించింది. ముల్లు కదల్లేదు. ఉమ్మిలో నెత్తురు చార కనిపించగానే నాన్న వాణ్ణి భుజాన వేసుకుని రిక్షా కోసం పరుగెత్తాడు. వెనకాలే అమ్మ. నేను ఎంగిలి చేత్తో గుమ్మంలో నిలబడిపోయాను.

సాయంత్రానికి తిరిగొచ్చారు. దవాఖానలో డాక్టరు ముల్లు తీసేశారట. వాడు నాన్న భుజం మీదే నిద్రపోతున్నాడు. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను. రెండు దెబ్బలు వేసినా బాగుండుననిపించింది. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, "నీ తప్పేం లేదే తల్లీ, చిన్నపిల్లవి" అంది. మర్నాడు నేను వాడి కంచం తీసుకోబోతే, ఎంతో మెత్తగా నా చేతిలోంచి తీసేసుకుంది.

ఆ రోజు నుంచీ అమ్మే పెట్టేది. వాడు తినీ తినక లేచిపోయేవాడు. నేను దగ్గరికి వెళితే పెదాలు బిగించేవాడు. "అక్క ముల్లు పెడుతుంది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏదో వెతుకుతున్నట్టు నిలబడేదాన్ని. తరువాతి ఆదివారం నాన్న సంచీ తీయలేదు. పప్పుచారుతో అన్నం తిని, ఇదే హాయిగా ఉందన్నాడు. నా కోసం అన్నాడని నాకు తెలుసు. నేను కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

మా పక్క వాటాలో ఒక అక్క వాళ్ళమ్మతో కలిసి ఉండేది. వాళ్ళది మెదక్ వైపు. అక్క ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు. కొత్త వంట ఏది విన్నా వండి చూస్తేగాని ఊరుకునేది కాదు. ఒకనాడు పంపు దగ్గర నన్ను ఆపింది.

"ఏంది చెల్లె, తమ్మునికి బువ్వ పెడ్తలేవంట?"

నాకు ఏడుపొచ్చేసింది. ఆమె ఓదార్చలేదు. "ఆదివారం మా ఇంటికి రా. వాణ్ణి గూడ తోల్కరా" అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళేసరికి అక్క స్టవ్ మీద పాత గిన్నెలో ఇసుక పోసి వేడిచేస్తోంది. పొయ్యి మీద కేకులు చేసుకునేవాళ్ళు అప్పట్లో అలాగే కాల్చేవాళ్ళు. కొర్రమీను తెచ్చి, చర్మమూ నడిముల్లూ తీయించి, తెల్లటి కండని పలకల్లా కోయించి ఉంచింది. పక్కన బేకరీ నుంచి అడిగి తెచ్చిన బటర్ పేపరు. చేప పళ్ళాన్ని నా ముందుకు జరిపింది.

"ముల్లున్నదేమో చూడు. కండ్లతోని కాదు, వేళ్ళతోని."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "నువ్వు చూడక్కా" అన్నాను.

"నేను చూడ. తమ్ముడు నీకా, నాకా?"

ఇక తప్పలేదు. చల్లటి కండ మీద వేలికొసలతో మెల్లగా తడుముకుంటూ పోయాను. ఒకచోట సన్నగా గుచ్చుకుంది. చెయ్యి లాగేసుకున్నాను. "పీకు" అంది అక్క. పీకాను. మళ్ళీ మొదటినుంచి తడిమాను. ముక్కలు తిరగేసి ఇంకోసారి తడిమాను. తమ్ముడు స్టూలు మీద కూర్చుని కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

ముక్కలకి ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరిన ముద్ద రాసి, నిమ్మకాయ పిండి, కాస్త నూనె వేసింది. కాగితం మడిచే పని తమ్ముడికిచ్చింది. వాడు నాలుక బయటపెట్టి, అంచులు నొక్కి నొక్కి, వంకరటింకర పొట్లం ఒకటి కట్టాడు. మిగతావి అక్క కట్టింది. ఇసుక మీద పళ్ళెం, పళ్ళెంలో పొట్లాలు, పైన మూత. నేను ఉండబట్టలేక మూత తీయబోతే చెయ్యి పట్టుకుంది. "తెరిస్తే ఆవిరంత పోతది. జర ఆగు." చివరికి ఆమే మూత తీసేసరికి పొట్లాలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి.

తమ్ముడి పొట్లం వాడి ముందే విప్పింది. గుప్పుమని ఆవిరి. పొరలు పొరలుగా విడిపోతున్న తెల్లటి చేప. వాడికి నోరూరుతోందని తెలుస్తూనే ఉంది. అయినా తినలేదు.

"ముల్లుందా?" అని అక్కని అడిగాడు.

"నన్నెందుకు అడుగుతవ్? మీ అక్కనడుగు."

వాడు నా వైపు తిరిగాడు. లేదని చెప్పాలనుకున్నాను. ఆ మాట ఎంతకీ నోట్లోంచి రాలేదు.

"తెలీదురా" అన్నాను. "వెతికాను. ఒకటి దొరికితే తీసేశాను. మళ్ళీ వెతికితే దొరకలేదు."

చిన్న ముక్క తుంచి ముందు నేనే తిన్నాను. నేను మింగేదాకా వాడు నా గొంతు వైపే చూశాడు. తరువాత నోరు తెరిచాడు, కొంచెమే. మెతుకంత చేప పెట్టాను. చాలాసేపు నమిలాడు. మింగాడు. ఈసారి నోరు బాగా తెరిచాడు.

నేను ఏడుస్తూనే పెట్టాను. అక్క నా చెవి దగ్గర మెల్లగా అంది: "ముల్లు లేనే లేదని ఎవ్వరు చెప్పలేరు చెల్లె. నువ్వు చూసినవ్. గంతే మన చేతిలున్నది."

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చి, రేపటినుంచి వాడికి నన్నే పెట్టనివ్వమని అమ్మతో చెప్పింది. అమ్మ తమ్ముడి వైపు ఒకసారి చూసి పనిలో పడింది. కానీ మర్నాడు కంచం నా చేతికిచ్చి, కాసేపు గుమ్మంలో నిలబడి, లోపలికి వెళ్ళిపోయింది. అలా వెళ్ళడానికి అమ్మ ఎంత గుండె దిటవు చేసుకుందో, నేను తల్లినయ్యాక తెలిసింది.

తమ్ముడికి ఇదేదీ గుర్తులేదట. నాకు మాత్రం వాడు గొంతు పట్టుకోవడం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఆ దిగులు పూర్తిగా పోయిందంటే అబద్ధమే. ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో ముళ్ళు తీసిన చేపే దొరుకుతోంది. ఫాయిల్‌లో చుట్టి ఓవెన్‌లో పెడతాను. అయినా ప్రతి ముక్కనీ తడమకుండా చుట్టను.

ఈమధ్య మావారు మనవణ్ణి ఆబిడ్స్ తీసుకెళ్ళినప్పుడు, వాడు చెయ్యి విడిపించుకుని పరుగెత్తి, ఫుట్‌పాత్ మీద పడ్డాడు. నుదుటి మీద కుట్లు పడ్డాయి. మా అమ్మాయి, "పర్లేదు నాన్నా, నీ తప్పు కాదు" అంది. ఆ తరువాత వాణ్ణి ఆయనతో బయటికి పంపలేదు. ఆయనా తీసుకెళ్తాననలేదు. రోజంతా పేపరు పట్టుకుని కూర్చునేవారు. పేజీ తిరిగేది కాదు.

ఒక ఉదయం నేనే పిల్లాడికి చెప్పులు తొడిగి, వాడి చెయ్యి ఆయన చేతిలో పెట్టి, పాలు తెమ్మన్నాను. ఆయన నా వైపు చూశారు. "మళ్ళీ పడితే?"

"పడొచ్చు. మీరు గట్టిగా పట్టుకోండి, అంతే."

మా అమ్మాయి కంగారుగా లేచింది. నేను దాన్ని కూర్చోబెట్టాను. తప్పు నీది కాదని చెప్పడంతో సరిపోదు, ఆ పని మళ్ళీ ఆ మనిషికే అప్పగించాలి. పక్కింటి అక్క దగ్గర నేను నేర్చుకున్నదల్లా అదే. తాతా మనవడూ మెట్లు దిగి వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా నాకూ కాలు నిలవలేదు. అయినా కిటికీ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.