కోసేసిన వాన

"ఉండు వదినా, లేవొద్దు! ఇప్పుడొస్తాది వాన," అని వదిన కొంగు పట్టుకుని మళ్లీ ఇసుకలో కూర్చోబెట్టాను.

అల్లూరు టూరింగ్ టెంటులో ఆడవాళ్ల వైపు అప్పటికే సగం ఖాళీ. అదేం సినిమానో, పాటల్లేవు, కొట్లాటల్లేవు. ఒక పట్నం, సాయంత్రమయ్యాక జనం ఇళ్లకు పోవడం, అంతే. ముందురోజు పిన్నితో వచ్చి చూసినప్పుడు అందరూ విసుగుతో ఈలలు వేశారు. నేను మాత్రం ఏడ్చాను. వాన పడుతుంటే మేడమీది కిటికీలో ఒకమ్మాయి నిలబడి ఉంటుంది. కింద ట్రాము పోతుంది. తడి రోడ్డు మీద దీపాలు వణుకుతాయి. ఎవరూ ఏమీ మాట్లాడరు.

అది మా వదిన కిటికీయే అనిపించింది. వదినది మద్రాసు. పెళ్లై మా ఇంటికొచ్చాక నోరు విప్పింది తక్కువ. గర్వమని మావాళ్లు పేరు పెట్టారు. నాతో మాత్రం ఒకసారి, బియ్యం చెరుగుతూ, "చిన్నప్పుడు మా కిటికీ కింద ట్రాము పోయేది. వానొస్తే చూస్తానే ఉండేదాన్ని" అంది. అందుకే అమ్మను బతిమాలి, వదినకు ఆ ట్రాము చూపిస్తానని మాటిచ్చి తీసుకొచ్చాను.

టెంటులో బొమ్మ వేసే అన్న మా వీధివాడే. జనం గోల చేస్తే రీలు తీసేసి, ఇంకో సినిమాలోని డాన్సు అతికించడం అతనికి అలవాటు. అందుకే పొద్దున్నే గట్టిగా అడిగాను కూడా.

"కొయ్యవు గదన్నా?"

"నీకోసం ఒక్క అడుగు రీలు కూడా కొయ్యను పాపా. మీ వదినను పిల్చుకోని రా."

తెరమీద అమ్మాయి మేడ మెట్లెక్కింది. కిటికీ రెక్క తీసింది. నేను వదిన చెయ్యి నొక్కాను. అంతే, గజ్జెల మోత! ఎవరో లావుపాటామె పూలతోటలో గంతులు. మగవాళ్ల వైపు నుంచి "అద్దీ!" అని కేకలు. పాట అయ్యేసరికి కిటికీ అమ్మాయి పొడిచీరలో ఆఫీసుకు పోతోంది.

వదిన తన చెయ్యి తీసేసుకుంది.

"నన్ను బయటికి తెచ్చేదానికి ట్రాము కత చెప్పినావా మే? ఊరికే పిలిచినా వచ్చుందును గదా."

"లేదు వదినా, నిన్న ఉండింది! ఒట్టు!"

నమ్మలేదు. కొంగుకంటిన ఇసుక దులుపుకుని ఇంటిదారి పట్టింది.

మర్నాడు పొద్దున డప్పు కొట్టుకుంటూ సినిమా బండి మా వీధిలోకొచ్చింది. అన్న దాని మీదే కూర్చుని, నన్ను చూసి నవ్వాడు.

"ఎట్లుండింది పాపా డాన్సు?"

చంకలోని నీళ్ల బిందె ఎద్దుల ముందు దించాను. దాని పక్కనే దుమ్ములో చతికిలబడ్డాను.

"దిగన్నా. వానను ఏం చేసినావో మా వదినకొచ్చి చెప్పు. అప్పుడు లేస్తా."