పదకొండు రోజుల చిమ్మిలి

పొద్దున మిక్సీలో వేయించిన నువ్వులూ బెల్లమూ తిప్పి మూత తీశానో లేదో, ఆ వాసన నన్ను చల్లపల్లిలో మా వెనకగదికి లాక్కుపోయింది.

గుర్తుందా అమ్మాయిలూ? పెద్దమనిషి అయ్యామని మూలన చాప వేసి కూర్చోబెట్టేవాళ్లు. కంచం వేరు, గ్లాసు వేరు. బయటికి రానివ్వడం లేదని నేను ఒకటే ఏడుపు. మా నాయనమ్మ మాత్రం రోట్లో దంచిన చిమ్మిలి ఉండ చేసి, నూనె కారుతుండగానే నా చేతిలో పెట్టేది.

"ముందు నువ్వు తినవే. నడుం గట్టిపడాలి. మగాళ్లు తర్వాత తింటార్లే."

పదకొండు రోజులు మా ఇంట్లో మొదటి ముద్ద నాదే. పన్నెండో రోజు తలంటి పోశారు. ఆ మధ్యాహ్నమే నాన్నకీ అన్నయ్యలకీ వడ్డించి, అమ్మతోపాటు గిన్నె అడుగున మిగిలిన కూరతో తిన్నాను. నా నడుం అప్పటికే గట్టిపడిపోయింది అనుకున్నారు కాబోలు!

ఇప్పుడు మేముండేది విజయవాడలో. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. పొద్దున ఏమీ తినకుండా కాలేజీకి పరిగెడుతుంది, సాయంత్రం నూడుల్స్‌తో సరిపెడుతుంది. మొన్న డాక్టరుగారు మా ఇద్దరికీ రక్తం తక్కువగా ఉందన్నారు. అందుకే ఈ చిమ్మిలి.

ప్లేటులో ఒక్క ఉండ పెట్టి ఇచ్చాను.

"నీదేదమ్మా?"

"నేను తర్వాత తింటాలేవే. నీకు బస్సు టైమవుతోంది."

అది బ్యాగు కింద పెట్టేసింది. "నువ్వు కూర్చుని తింటేనే నేను తింటా."

కూర్చున్నాను. మొదటి ముద్ద నాకే తినిపించింది. ఈలోగా దాని బస్సు వెళ్లిపోయింది.

పోతే పోనీ.